పసివారి నమ్మిక

మన తెలుగు సంఘపు జ్ఞాపికా సంచికకు కోలారు ప్రాంతపు తెలుగువారి జీవనమును గూర్చి ఏదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, పండుగలను గూర్చియు, పాటలను గూర్చియు మాకంటె బాగుగా వ్రాయగలవారు ఈ పుటలలోనే పలువురున్నారని మాకు తోచినది. మాకు కొంత తెలిసిన పని ఒక్కటే. బంగారు గనుల ఊరిలో ఒక చిన్న తెలుగు దేవాలయపు ప్రక్కగదిలో ఆదివారము ఉదయమున పిల్లలను కూర్చుండబెట్టుకొని కథలు చెప్పుట, కీర్తనలు నేర్పుట, వారు చెప్పునది వినుట. మేమనగా ఆ బడిని నడుపు నలుగురము: ముగ్గురు స్త్రీలు, ఒక పురుషుడు. ఈ సంచికను చదువువారిలో క్రైస్తవులు కొలదిమందియే యుందురు. అయినను పిల్లవాడు పెద్దవారిని ఎప్పుడు నమ్మును, ఎప్పుడు నమ్మడు అను ప్రశ్న దేవాలయములో ఒక విధముగను, ఇంటిలో మరియొక విధముగను ఉండదు. కావున మా అనుభవమును అందరి యెదుటను పెట్టుటకు సాహసించుచున్నాము.

దూరప్రాంతములలో స్థిరపడిన చదువరులకు మా ఊరి సంగతి కొంచెము చెప్పవలెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చటి గనులను చేపట్టిరి. 1956లో అవి మైసూరు ప్రభుత్వపు వశమైనవి. తరువాత కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఈ నూట ఇరువది యేండ్లలో ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. 1902లోనే శివసముద్రమునుండి ఇచ్చటికి విద్యుచ్ఛక్తి వచ్చినది. దేశములో ఎన్నో పట్టణములు చీకటిలో నుండగా మా గనులలో దీపములు వెలిగినవని పెద్దలు ఇప్పటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ గనులలో పని చేసి లైనుల ఇండ్లలో కాపురముండినవారు ఎక్కువమంది ఉత్తరార్కాడు, సేలము ప్రాంతముల తమిళులు. చిత్తూరు వైపునుండి వచ్చిన తెలుగువారు, ఈ జిల్లా పల్లెలనుండియే వచ్చిన తెలుగువారు వారితో కలిసి బ్రదికిరి. ములబాగలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతముల పల్లెలలో తెలుగు ఎన్నో ఇండ్ల భాష. ఊరిలోనికి వచ్చునప్పటికి అది ఇంటి గడప దాటని భాషయైనది.

గనులు మూతపడిన తరువాత మా ఊరి దినచర్య మారిపోయినది. తెల్లవారక మునుపే మారికుప్పమునుండి బయలుదేరు రైళ్లలో తండ్రులును, ఇప్పుడు తల్లులును, బెంగుళూరుకు పనికి పోవుదురు. చీకటితో పోయి చీకటితో వత్తురు. పిల్లలు అవ్వ వద్దనో, తాత వద్దనో, పొరుగువారి వద్దనో పెరుగుదురు. మాలో ఒకరు తామే ఆ రైలులో వారమునకు ఆరు దినములు పోయి వచ్చువారు. తండ్రి నిద్రపోవుచున్నప్పుడే తండ్రిని చూచు పిల్లలు మా బడిలో కొందరున్నారు. ఇంతకంటె లోతైన సంగతి మరియొకటి కలదు. ఈ పిల్లలు పెద్దవారి మాటలు నెరవేరక పోవుటను చూచుచు పెరిగినవారు. గని మరల తెరతురని, రావలసిన సొమ్ము వచ్చునని, ఇంటికి హక్కు పత్రము చేతికి వచ్చునని లైనులలో చెప్పుకొనిన మాటలకు లెక్క లేదు. తాత నమ్మెను, తండ్రి సగము నమ్మెను, మనుమడు నమ్మకుండుటనే నేర్చుకొనెను. మా యెదుట కూర్చుండు పిల్లవాడు ఈ మూడవవాడు.

ఇట్టివాని నమ్మికను సంపాదించుటకు బయటినుండి వచ్చు కొందరు సులువైన మార్గములను ఎన్నుకొందురు. కొన్ని యేండ్ల క్రిందట ఒక బృందమువారు వేసవిలో వచ్చి మూడు దినములు పిల్లలతో ఆడి పాడిరి. రంగురంగుల టోపీలు పెట్టిరి, ఛాయాచిత్రములు తీసిరి. పిల్లలు వారిని విడువలేక ఏడ్చిరి. క్రిస్మసునకు మరల వత్తుమనియు, అందరికిని బొమ్మల పుస్తకములు తెత్తుమనియు చెప్పి పోయిరి. క్రిస్మసు వచ్చినది, వారు రాలేదు. ఉత్తరమైనను రాలేదు. వారు చెడ్డవారని మేమనము. ఆ మాట చెప్పినప్పుడు వారు నిజముగనే రాదలచియుందురు. కాని జనవరి నెల తుదివరకును పిల్లలు మమ్ములను అడుగుచునే యుండిరి. తరువాత అడుగుట మానిరి. అడిగినన్నాళ్లు మాకు కష్టముగా నుండెను. అడుగుట మానిన నాడు అంతకంటె కష్టముగా నుండెను.

మా విద్యార్థి యొకనికి తాతగారు ఛాంపియన్ రీఫు గనిలో పని చేసి విరమించినవారు. ఒక ఆదివారము ఆయనను బడికి పిలిచి గనిలోని పనిని గూర్చి చెప్పుమని కోరితిమి. గోడలు, కప్పు పగిలి విరిగిపడు ప్రమాదములను గూర్చి ఆయన చెప్పుచుండగా ఒక పిల్ల, "తాతా, రాయి పడతాదని ముందే ఎట్లా తెలుస్తాది?" అని అడిగెను. ఆయన ఇట్లు చెప్పిరి: "రాయి మాట్లాడతాది పాపా. ఇనుప కమ్మితో తట్టాల. గంట మాదిరి మోగితే గట్టిది. డప్పు మాదిరి మోగిందంటే లోపల విడిపోయిందని అర్థం. ఆ తావున నిలబడకూడదు."

పిల్లలు మమ్ములను తట్టి చూచుట కూడ ఇట్టిదేయని ఆ దినమున మాకు స్పష్టమైనది. వారు పెద్ద సంగతితో ఎన్నడును మొదలుపెట్టరు. ఒక బాలుడు వచ్చి, "మా ఇంట్లో అటక మీద పిల్లి పిల్లల్ని పెట్టింది. అవ్వకు చెప్పొద్దు, పారేయిస్తాది" అని రహస్యముగా చెప్పును. చెప్పి రెండు మూడు వారములు ఎదురుచూచును. అవ్వకు తెలియలేదు, మేము నలుగురిలో దానిని చెప్పి నవ్వలేదు, పిల్లికూనలు ఎట్లున్నవని తానొక్కడే యున్నప్పుడు అడిగితిమి. అప్పుడు రెండవ దెబ్బ వేయును: "మా నాయన నిన్న రాత్రి ఇంటికి రాలేదు." ఇది మొదటిదానివంటి రహస్యము కాదు. అయినను మొదటిది గంటవలె మ్రోగినందుననే రెండవది వచ్చినది.

ఇచ్చట దేవాలయములలో సాధారణముగా కనబడు ఒక అలవాటును గూర్చి చెప్పక తప్పదు. ప్రార్థనాంశములని పేరు పెట్టి పిల్లలు చెప్పిన ఇంటి సంగతులను అందరి యెదుట బిగ్గరగా పలుకుట పలుచోట్ల కలదు. మేము చూచిన ఒకానొక చోట, ఒక పిల్లవాని తండ్రి త్రాగుడు మానవలెనని పేరు చెప్పి ప్రార్థించిరి. ప్రార్థించినవారి హృదయము మంచిదే. ఆ పిల్లవాడు కన్నులు మూసికొనక తల వంచుకొని నేలను చూచుచుండెను. తరువాత అచ్చటికి రాలేదని వింటిమి. అందుచే మా బడిలో ఎవరి పేరును, ఎవరి ఇంటి గుట్టును ప్రార్థనలో పైకి పలుకము. దేవునికి పేర్లు తెలియునని మా విశ్వాసము; తెలియజెప్పవలసిన అగత్యము లేదు.

మా పద్ధతిలో గొప్పదేమియు లేదు. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు గది తలుపు తెరచి యుండును. వాన వచ్చినను, ఇద్దరే పిల్లలు వచ్చినను, ఒక్కరును రాకపోయినను, మాలో ఇద్దరము అచ్చటనే కూర్చుండి యుందుము. మా గదిలో ఒక నోటు పుస్తకము కలదు. పిల్లలకు మేము చెప్పిన ప్రతి మాటయు అందులో వ్రాయుదుము: గోలీ ఇత్తుమని, దావీదు కథలో మిగిలినది వచ్చే వారము చెప్పుదుమని, జ్వరముతో పడియున్న చెల్లెలిని చూడ వత్తుమని. నెరవేరినదానికి ఎదుట ఒక గీత గీయుదుము. చేయలేని దానిని ఆ మాటయే వ్రాసి, ఆ పిల్లవానితోనే చెప్పుదుము. పిల్లలు బైబిలును తెరచినదానికంటె ఈ పుస్తకమును ఎక్కువసార్లు తెరచిరని మా పాస్టరుగారు ఒకమారు నవ్వుచు అనిరి. మేము దానిని నిందగా తీసికొనలేదు.

ఇండ్లకు పోవుట ఇంకొక సంగతి. పిల్లవాని నమ్మిక అవ్వ నమ్మిక గుండా వచ్చునని మా అనుభవము. రాబర్ట్‌సన్‌పేట వైపు ఒక ఇంటికి పోయినప్పుడు ఆ ముసలమ్మ మొదటి నెల మమ్ములను వాకిటనే నిలిపి మాటలాడెను. రెండవ నెల పీట వేసెను. అనపకాయల కాలము వచ్చునప్పటికి, గింజలు పితుకుచు, మా చేతికి కూడ ఒక చేట ఇచ్చి, "ఏమ్మా, మా పిల్లోడు ఆదివారం అంటే సాలు, కోడి కూయకముందే లేచి కూసుంటాడు. మీరేం పెడతారు వాడికి?" అని అడిగెను. ఏమియు పెట్టమని చెప్పితిమి. ఆమె నమ్మలేదు.

ఆమె సందేహము సహజమైనది. దానికి ఈ జిల్లాలో పాత చరిత్ర కలదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామములో మైసూరు రాజ్యము పాడుపడినది. 1871లో యాబది లక్షలకు పైబడిన జనసంఖ్య 1881 లెక్కలలో నలుబదిరెండు లక్షలకు లోపలికి తగ్గినది. ఆ కాలమున కోలారులో లూయిసా ఆన్‌స్టీ అను ఆంగ్ల వనిత తలిదండ్రులు పోయిన పిల్లలను చేరదీసి అనాథాశ్రమము నడిపెను. 1890లో ఆ పని అమెరికా మెథడిస్టు మిషనువారి చేతికి వచ్చినది. కోలారులో నేటికిని పేరు నిలిచియున్న ఎలెన్ తోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రి కూడ ఆ మిషను స్త్రీలు పెట్టినదే. ఆకలితో వచ్చిన పిల్లవాడు తనకు కూడు పెట్టినవారిని నమ్మెనా, కూటిని నమ్మెనా? ఈ ప్రశ్నను మతవిరోధులే వేయుదురనుకొనుట పొరపాటు. అదే క్షామములో ఒంగోలున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో ఒక భాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. కాని సాయము అందుచున్నంతకాలము ఎవరికిని బాప్తిస్మము ఇయ్యక నిలిపివేసెను. క్షామము తగ్గిన పిమ్మటనే, 1878 జులై 3న, వెలుంపిల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను చెప్పుకొని మా వారు గర్వింతురు. మాకు ఆ సంఖ్యకంటె, దానికి ముందు ఆయన ఆగిన కాలము గొప్పదిగా తోచును. ఇచ్చుటకును నమ్మించుటకును నడుమ ఆయన ఒక గోడ పెట్టెను.

మా చిన్న బడిలో కూడ అట్టి గోడను పెట్టుకొంటిమి. బడి ముగిసిన తరువాత ఇచ్చు బిస్కత్తులు జవాబు చెప్పినవానికి, చెప్పనివానికి, ప్రక్కవీధినుండి ఊరక చూడవచ్చిన హిందూ బాలునికి సమానముగా నిత్తుము. ఏ ఒక్క పిల్లకును విడిగా బహుమానమియ్యము. ఒక పిల్లవాడు చాల దినములు తన బిస్కత్తులో సగము జేబులో దాచుకొని పోవుచుండెను. ఎవరికని మేమడుగలేదు. ఆరు వారములకు తానే చెల్లెలిని చేయి పట్టుకొని తెచ్చెను.

భాషను గూర్చి ఈ సంచికలో ఒక మాట చెప్పకుండుట తగదు. మా పెద్దలు కొందరు ఆదివారపు బడిలో తెలుగు తప్ప వేరు మాట వినబడరాదని పట్టుబట్టిరి. వారి భయము మాకు తెలియును. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు, చెరకు తోటలలో పని చేయు తెలుగువారి యొద్దకు పంపిరి. 1931లో అచ్చట ఆంధ్ర మహాసభ కూడ ఏర్పడినది. ఇంత శ్రమపడినను నేడు అచ్చటి తెలుగు కుటుంబములలో ఇంగ్లీషే ఇంటి భాషయైనది. మా పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో కన్నడము, పుస్తకములలో ఇంగ్లీషు. తెలుగు అక్షరములు చదువగలవారు మా పిల్లలలో వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను కన్నడ లిపిలో వ్రాసికొని పాడుదురు. అయినను ఒక సంగతి చూచితిమి. కోస్తా ప్రాంతమునుండి వచ్చిన ఒక అతిథి యెదుట మా పిల్ల యొకతె, "నేను జాస్తి దూరం నడిచినా" అనగా, ఆయన నవ్వి, అది తెలుగా అని అడిగెను. ఆ పిల్ల నాలుగు నెలలు మా గదిలో తెలుగు మాట పలుకలేదు. గోడమీది పిల్లితో మాత్రము తమిళములో ముచ్చటించుచుండెను.

అందుచే మేము కథను తెలుగులో చెప్పుదుము. పిల్లవాడు తనకు నోట వచ్చిన భాషలో మారుపలుకవచ్చును. మనసులోని మాట వచ్చునప్పుడు వ్యాకరణము దిద్దము. మాలో తమిళము రానివారు ఒకరుండిరి. ఆమె నలుబది యేండ్లు దాటిన పిదప పిల్లల వద్దనే నేర్చుకొనెను. ఆమె తప్పులకు పిల్లలు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. టీచరక్క కూడ తప్పు పలుకును, ఏడువక మరల పలుకును అని చూచిన పిమ్మట, పిల్లితో మాటలాడిన ఆ పిల్ల నోరు తెరచెను. తెలుగులోనే తెరచెను.

ఇక బరువైన సంగతికి వచ్చుచున్నాము. బైబిలులో బాలుడైన సమూయేలు కథను ఎల్లరును పిల్లలకు చెప్పుదురు. తల్లి చేత మందిరములో విడువబడిన ఆ బాలుడు రాత్రి తన్నెవరో పిలిచిరనుకొని, మూడు మారులు ముసలి యాజకుడైన ఏలీ యొద్దకు పరుగెత్తును. ఏలీ కసరడు. మూడవ మారు, పిలిచినది దేవుడని గ్రహించి, ఏమి చెప్పవలెనో నేర్పి పంపును. సాధారణముగా బోధకులు ఇచ్చటనే కథ ముగింతురు. మాకు కథ అచ్చటనే మొదలగునట్లు కనబడును. ఏలనగా ఆ రాత్రి బాలుడు వినినది ఏలీ ఇంటిమీదికి రానున్న తీర్పు. ఏలీ కుమారుల దుష్కార్యములు అందుకు హేతువు. తెల్లవారినప్పుడు బాలుడు చెప్పుటకు భయపడును. ముసలివాడు పిలిచి, ఏమియు దాచక చెప్పుమని పట్టుబట్టును. బాలుడు అంతయు చెప్పును. తన బిడ్డల నేరమును ఒక పిల్లవాని నోట విని, ఏలీ అతనిని కొట్టలేదు, అబద్ధికుడనలేదు. తండ్రిగా ఆ ముసలివాడు దుర్బలుడే. కుమారులను అదుపులో పెట్టలేకపోయెను. కాని ఒక పసివాడు తనయెదుట నిజము చెప్పగలుగునట్లు మాత్రము నడచుకొనెను.

ఇట్టి ఉదయము మాకును ఒకటి వచ్చినది. గుర్తింపునకు వీలగు వివరములను మార్చి వ్రాయుచున్నాము. పదేండ్ల బాలిక. బడి ముగిసిన పిదప దూరపు లైనుల పిల్లలను, అందరిచేతను మన్నన పొందిన ఒక వ్యక్తి తన బండిమీద ఇంటికి చేర్చుచుండెను. ఒక ఆదివారము ఆ బాలిక మాలో ఒకరి కొంగు పట్టుకొని, "అక్కా, ఆయప్ప బండి వద్దు. నేను నడిచే పోతా" అనెను. ఎందుకని అడుగలేదు. "సరే, నేనూ నీతోపాటు నడుస్తా" అని ఆమె బయలుదేరెను. ఆ దినమునుండి ఏ పిల్లయు ఆ బండి ఎక్కలేదు. అందరినిజేర్చి మేమే నడిపించుకొని పోయితిమి. ఒకటిన్నర మైలు దారి. ఒక ప్రక్క సైనైడు దిబ్బ, దానిమీదనుండి గాలికి లేచు ధూళి. రెండవ వారమున ఆ దారిలోనే బాలిక చెప్పెను. చెప్పినదేమో ఇచ్చట వ్రాయము; అది ఆమె సొత్తు.

చెప్పిన పిదప, "ఎవరికీ చెప్పవు కదా అక్కా?" అని అడిగెను. అన్ని సంవత్సరముల మా పనిలో ఇంతకంటె కష్టమైన ప్రశ్నను ఎవరును అడుగలేదు. మా సహోదరి ఇట్లనెను: "అట్లా మాట ఇవ్వలేనమ్మా. ఇస్తే అబద్ధమౌతుంది. కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను. మొదట మీ అమ్మకు చెప్దాం, నువ్వు పక్కన ఉండగానే." బాలిక కొంతసేపు మాటలాడక నడచి, "సరే, అమ్మ రాత్రి రైలుకు వస్తాది" అనెను.

తల్లి మరునాడు పనికి పోలేదు. మాలో ఇద్దరము ఆమెతో కలిసి పోలీసు ఠాణాకు పోయితిమి. 2012లో మన దేశమున చేసిన పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట ఇష్టాయిష్టముల సంగతి కాదు, విధి. తెలిసియు తెలుపకుండుట నేరము. ఎవరికి చెప్పవలెనో తోచనివారికి 1098 అను పిల్లల సహాయపు ఫోను నంబరు కలదు. ఈ సంగతులు మన పెద్దలలో చాలమందికి తెలియవు. తెలిసినవారిలో కొందరు మరచిపోవుదురు. మా యొద్దకు వచ్చిన సలహాలు ఎన్నో. సంఘపు పేరు పోవుననిరి. లోపల లోపలనే మందలించి విడుతమనిరి. పిల్లలు ఏవేవో ఊహింతురనిరి. తెలుగువారము ఇచ్చట పిడికెడు మందిమి, ఇతరులయెదుట నవ్వులపాలగుదుమా అని ఒకరనిరి. ఈ తుదిమాట మాకు అన్నిటికంటె బాధ కలిగించినది. కొలదిమందిగా బ్రదుకువారు ఒకరినొకరు కాచుకొనుట న్యాయమే. కాని ఆ కాపుదల ఎవరితో మొదలు కావలెను? రెండు కుటుంబములవారు కొన్నాళ్లు ఆరాధనకు రాలేదు. ఆ వ్యక్తి మరల మా వాకిలి త్రొక్కలేదు. తక్కినది న్యాయస్థానపు సంగతి.

బాలిక మరుసటి ఆదివారము వచ్చునో రాదో యని మేము భయపడితిమి. ఎనిమిది గంటలకు ముందే వచ్చి, చాపలు పరచుచు కనబడెను. ఆ తరువాత రెండు నెలలలో మరి యిద్దరు పిల్లలు తమ తమ సంగతులను మాతో చెప్పిరి. అవి ఇట్టివి కావు, బడిలో దెబ్బలు, ఇంటిలో జగడములు. పిల్లలు తమలో తాము ఏమి చెప్పుకొనిరో మేమెరుగము. వారు ఒకరు తట్టగా విని మరియొకరు అడుగు వేయుదురని మాత్రము తెలిసికొంటిమి.

అప్పటినుండి మాకు కొన్ని కట్టుబాట్లు గట్టిపడినవి. ఏ పిల్లతోను పెద్దవారొక్కరే గదిలో ఉండరు. ఇద్దరుందురు, తలుపు తెరచియుండును. పిల్లలకు ఫోనులో విడిగా సందేశములు పంపము. తల్లికో అవ్వకో పంపుదుము. క్రొత్తగా బోధింప వచ్చువారిని ఆరు నెలలు ఊరక కూర్చుండి చూడుమందుము. ఈ నియమములు ప్రేమకు అడ్డమని ఒక యువకుడు నొచ్చుకొనెను. అతనిని మేమాక్షేపింపలేదు. ఆరు నెలలు కూర్చుండెను. ఇప్పుడు మాకంటె బాగుగా కథలు చెప్పుచున్నాడు.

ఆదివారపు బడులను 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున వ్యాపింపజేసిన రాబర్ట్ రేక్స్, పిల్లలనుండి కడిగిన ముఖమును, దువ్విన తలను మాత్రమే కోరెనని చెప్పుదురు. అవి వారము పొడుగున పనిచేసి ఆదివారము మాత్రమే తీరిక దొరకు పిల్లలకై పెట్టిన బడులు. మా ఊరి గాలికి దువ్విన తల గది చేరులోపలనే దుమ్ముకొట్టుకొని పోవును. దానిని మేము అడుగము.

ఈ వేసవిలో, శ్రీనివాసపురపు మామిడిపండ్లు బజారునకు వచ్చు దినములలో, పది దినముల సెలవు బడి పెట్టదలచితిమి. సంఘ సభ్యుల పిల్లలు ఏ మతమువారైనను రావచ్చును. పాటలు, తెలుగు అక్షరములు, ఆటలు ఉండును. పెద్దవారిలో ఎవరైన వచ్చి కూర్చుండదలచిన, పది దినములును వచ్చువారే రావలెనని మనవి. మొన్నటి ఆదివారము ఈ సంగతి చెప్పుచుండగా ఒక చిన్నవాడు లేచి, "వచ్చే వారం నువ్వు ఉంటావా అక్కా?" అని అడిగెను. "వచ్చే వారం కుప్పంలో మా వాళ్ల పెండ్లి ఉంది, రాలేను. ఆ పై వారం వస్తా" అని మా సహోదరి చెప్పెను. వాడు నోటు పుస్తకము తెచ్చి ఆమె చేతికిచ్చి, వ్రాయించి, తారీఖు సరిచూచుకొని, బిస్కత్తు తీసికొని పోయెను.